నాలుగు యూనిట్లు ఎందుకు చాలలేదు?

మా ఊళ్ళో ఇంటి గుమ్మం నుంచి తారురోడ్డు దాకా 120 అడుగుల బాట ఉంది. నల్లరేగడి నేల. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు, వానాకాలం పిక్కల దాకా బురద. మిర్చి బస్తాల ట్రాక్టరు ఒక్కసారి వెళ్ళివచ్చిందంటే ఆ చక్రాల గాడి మళ్ళీ వేసవి దాకా పూడేది కాదు. ఒక ఏడాది నాన్న పట్టుబట్టి మొరం తోలించి బాటని గట్టి చేయించారు. దాని మీద నాలుగంగుళాల మందాన 40 ఎంఎం కంకర పరిపించి రోలరు తిప్పించే పని నాకు అప్పగించారు.

లెక్క చిటికెలో తేలిపోయింది. పొడవు 120 అడుగులు, వెడల్పు 10. వైశాల్యం 1,200 చదరపు అడుగులు. నాలుగంగుళాలంటే అడుగులో మూడో వంతు. 1,200ని 3తో భాగిస్తే 400 ఘనపుటడుగులు. కంకర వ్యాపారంలో యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు కాబట్టి సరిగ్గా నాలుగు యూనిట్లు. మేస్త్రి పక్కనే నిలబడి విని, "చాలవండీ. ఐదు పైన చెప్పండి. రోలరు తినేస్తది" అన్నాడు. నేను లెక్క మళ్ళీ చూసుకున్నాను. తప్పు లేదు. నాలుగు యూనిట్లే తెప్పించాను.

సాయంత్రానికి రోలరు ఆగేసరికి కంకర 92 అడుగుల దగ్గరే అయిపోయింది. మిగతా 28 అడుగులూ ఎర్రటి మొరం అలాగే ఉంది. గుణకారంలో పొరపాటు లేదు, టిప్పరు కొలతలోనూ లేదు. మేస్త్రి చెప్పినట్టు రోలరు ఏదో తినేసింది. అది తిన్నదేమిటో తెలిస్తే ఎంత జాగాకి ఎంత కంకర కావాలో ఎవరైనా చెప్పగలరు. ఆ సంగతి ఇంట్లో బకెట్‌తోనే తెలుసుకోవచ్చు.

20 లీటర్ల ప్లాస్టిక్ బకెట్, లీటరు డబ్బా, ఒక కాటా ఉంటే చాలు. 20 ఎంఎం కంకరని ముందుగా కడిగి, పైతడి ఆరనివ్వాలి. పొడిరాయి కొంచెం నీరు పీల్చుకుంటుంది, అది లెక్కని చెడగొడుతుంది. బకెట్ నిండా పోసి అంచుకి సమంగా చేత్తో సదరాలి. ఇక లీటరు తర్వాత లీటరు నీళ్ళు పొయ్యాలి. నాలుగైదు లీటర్లకే పొంగుతుందనిపిస్తుంది కానీ పొంగదు. అంచు దాకా రావడానికి దాదాపు తొమ్మిది లీటర్లు పడతాయి. అంటే మనం 20 లీటర్ల కంకర అనుకున్నదాంట్లో రాయి 11 లీటర్లే. మిగిలిన తొమ్మిది లీటర్ల చోటులో ఉన్నది గాలి.

దీన్ని కాటా కూడా ధ్రువపరుస్తుంది. గట్టి గ్రానైట్ రాయి లీటరుకి 2.65 కిలోల బరువుంటుంది. 11 లీటర్ల రాయి అంటే 29 కిలోలు. నీళ్ళు పోయకముందు బకెట్‌లోని కంకర తూచితే కాస్త అటూఇటుగా అంతే వస్తుంది. నీళ్ళు చెప్పిందీ కాటా చెప్పిందీ ఒకటే కావడం చూస్తే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

అంటే ఒక యూనిట్ కంకర కొన్నప్పుడు మనకి దక్కేది 55 ఘనపుటడుగుల రాయి, 45 ఘనపుటడుగుల ఖాళీ. క్రషర్ దగ్గర నుంచి రోలరు కింద నలిగేదాకా ఆ 55 మారదు. మారేదంతా ఖాళీయే. టిప్పరులో ఒక కొలత, కుప్పలో ఒక కొలత, బాటలో ఇంకో కొలత రావడానికి కారణం అదే. నేను లెక్క వేసినప్పుడు పొడవు, వెడల్పు, మందం చూశాను కానీ ఖాళీని చూడలేదు.

ఈ ఖాళీ ఎంత ఉంటుందన్న ప్రశ్న గణితంలో చాలా పాతది. 1611లో యోహాన్నెస్ కెప్లర్ మంచు రేకులకి ఆరు కోణాలు ఎందుకుంటాయో ఆలోచిస్తూ ఒక చిన్న పుస్తకం రాశాడు. ఒకే సైజు గోళాలని ఎంత ఒద్దికగా పేర్చినా చోటులో 74 శాతానికి మించి నింపలేమన్న ఊహ అందులోదే. పళ్ళ బండి మీద బత్తాయిలు పేర్చే పద్ధతే అది. కింద వరసలో మూడు పళ్ళ మధ్య పడిన గుంటలో పై పండు కూర్చుంటుంది. బండివాడికి చేతిలో ఉన్న ఆ విద్యని మించినది లేదని నిరూపించడానికి దాదాపు 400 ఏళ్ళు పట్టింది. అమెరికా గణితజ్ఞుడు థామస్ హేల్స్ 1998లో నిరూపణ ప్రకటించాడు. అది ఎంత పెద్దదంటే, ప్రతి మెట్టూ కంప్యూటర్ చేత సరిచూపించే పని 2014కి గానీ పూర్తి కాలేదు.

అయితే కంకరని ఎవరూ పేర్చరు, గుమ్మరిస్తారు. గుమ్మరిస్తే ఏమవుతుందో 1960 ప్రాంతంలో లండన్‌లో జె. డి. బెర్నాల్, కెనడాలో జి. డి. స్కాట్ ఉక్కు గుళ్ళతో పరీక్షించారు. పాత్రలో పోసి వదిలేస్తే గుళ్ళు 60 శాతం చోటుని నింపాయి. బాగా కుదిపితే 64 శాతం దగ్గర ఆగిపోయాయి. ఇంకెంత కుదిపినా దిగవు, ఎందుకంటే ప్రతి గుండూ తన చుట్టూ ఉన్నవాటి మధ్య ఇరుక్కుపోతుంది. బత్తాయిల 74 శాతానికి చేరాలంటే అవన్నీ ఒకసారి విడిపోయి వరసల్లోకి రావాలి, కుదుపుకి ఆ పని చేతకాదు. 2004లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో పాల్ చేకిన్, సాల్వటోర్ టొర్క్వాటో బృందం గోళాల బదులు చాక్లెట్ బిళ్ళలు వాడి చూసింది. మన దగ్గర పిల్లలు తినే జెమ్స్ లాంటివి. అవి గోళాల కంటే బాగా సర్దుకుని 68 శాతం దాకా నింపాయి. అటూ ఇటూ ఒరగడానికి వీలుండటమే కారణం.

కంకర ముక్క గోళమూ కాదు, బిళ్ళా కాదు. మూలలు, అంచులు, గరుకు ముఖాలు ఉన్న వస్తువు. పోసినప్పుడు రెండు ముక్కలు మూడో దానికి భుజం ఇచ్చి చిన్న కమానులా నిలబడతాయి, ఆ కమాను కింద ఖాళీ మిగిలిపోతుంది. అందుకే వదులుగా పోసిన కంకర గోళాల కంటే తక్కువ చోటు నింపుతుంది. 55 శాతం దగ్గర ఉంటుంది. ఏటిలోని గులకరాళ్ళు నున్నగా ఉంటాయి గనుక జారి సర్దుకుంటాయి, వాటిలో ఖాళీ తక్కువ. అయినా బాటకి గులకరాళ్ళు పనికిరావు. చక్రం ఎక్కగానే పక్కకి దొర్లిపోతాయి.

కంకర ఎందుకు దొర్లదో ఆలోచిస్తే సముద్రపు ఒడ్డు గుర్తొస్తుంది. విశాఖ బీచ్‌లో తడి ఇసక మీద అడుగు వేస్తే పాదం చుట్టూ ఇసక ఒక్క క్షణం తెల్లగా పొడిబారినట్టు కనిపిస్తుంది. తొక్కితే నీళ్ళు బయటకి రావాలి కదా, లోపలికి ఎందుకు పోయాయి? 1885లో ఆస్బోర్న్ రెనాల్డ్స్ దీనికి జవాబు చెప్పాడు. బాగా సర్దుకున్న రేణువులు జరగాలంటే ఒకదాని మీదికి ఒకటి ఎక్కాలి. ఎక్కితే మధ్యలో ఖాళీ పెరుగుతుంది, ఆ ఖాళీలోకి పైనున్న నీరు దిగిపోతుంది. సర్దుకున్న కంకర బాట మీద బండి నడిచినా ఇదే. రాళ్ళు జరగాలంటే ముందు బాట ఉబ్బాలి. పైన బండి బరువు, పక్కన తోటి రాళ్ళ ఒత్తిడి ఉబ్బనివ్వవు. మూలలున్న రాయికి మొదట్లో ఖాళీ ఎక్కువైనా, ఒకసారి సర్దుకుంటే కదలదు.

జాన్ లౌడన్ మెకాడం బలమంతా ఈ నమ్మకమే. స్కాట్లండ్‌లో 1756లో పుట్టాడు, 1816లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ ప్రాంతపు రోడ్లు అతని చేతికి వచ్చాయి. అప్పటిదాకా రోడ్డంటే అడుగున పెద్ద బండలు పేర్చాలనుకునేవాళ్ళు. మెకాడం బండలు వద్దన్నాడు. నేల పొడిగా ఉంటే చాలు, దాని మీద పగలగొట్టిన చిన్న రాళ్ళు పరిస్తే బండ్ల రాకపోకలే వాటిని ఒకదానిలో ఒకటి బిగిస్తాయన్నాడు. ఏ రాయీ ఆరు ఔన్సులకి మించకూడదన్నది అతని నియమం. ఆరు ఔన్సులంటే 170 గ్రాములు. గ్రానైట్ అయితే అది 64 ఘన సెంటీమీటర్ల రాయి. 64కి ఘనమూలం 4. అంటే నాలుగు సెంటీమీటర్ల ముక్క. రెండు వందల ఏళ్ళ కిందట అతను పెట్టిన హద్దు మా బాట మీద పోయించిన 40 ఎంఎం కంకరేనని ఈ చిన్న భాగహారం చేసినప్పుడు తెలిసింది. మన మేస్త్రులు దీన్ని మెటల్ అంటారు. ఆ మాట ఇంగ్లీషు నుంచి వచ్చింది, ఇంగ్లీషుకి లాటిన్ నుంచి. లాటిన్‌లో దాని మొదటి అర్థాల్లో రాళ్ళ గని కూడా ఉంది. కాబట్టి రాతిని మెటల్ అనడం తప్పేమీ కాదు.

రోలరు తినేది ఖాళీని. మా బాటలో అది ఎంత తిన్నదో ఇప్పుడు లెక్క కట్టవచ్చు. 400 ఘనపుటడుగులు 92 అడుగులకే అయిపోయాయి. 92 అడుగుల పొడవు, 10 వెడల్పు, నాలుగంగుళాల మందం అంటే 307 ఘనపుటడుగులు. 400ని 307తో భాగిస్తే 1.3. అడుగు మందం గట్టి పొర కావాలంటే అడుగూ మూడున్నర అంగుళాలు వదులుగా పరవాలన్నమాట. నాలుగంగుళాలకి ఐదుంబావు. మేస్త్రి నన్ను అడక్కుండానే ఐదుంబావు అంగుళాల ఎత్తున పరిపించాడు. అతనలా చెయ్యబట్టే 92 అడుగులైనా సరిగ్గా వచ్చాయి. నా లెక్క ప్రకారం నాలుగంగుళాలే పరిచి ఉంటే బాట పొడవునా మూడంగుళాలే మిగిలేది.

ఇది మా ఊరి లెక్క మాత్రమే కాదు. మెకాడం పేరు ఇంకా మోస్తున్న వాటర్ బౌండ్ మెకాడం రోడ్లకి కేంద్ర రోడ్డు రవాణా శాఖ నిర్దేశాలు ఉన్నాయి. 45 నుంచి 63 ఎంఎం రాయితో గట్టిపడిన తర్వాత 75 ఎంఎం మందం రావాలంటే, ప్రతి 10 చదరపు మీటర్లకీ 0.91 నుంచి 1.07 ఘనపు మీటర్ల వదులు కంకర కావాలని వాటిలో ఉంది. ఊరికే గుణిస్తే వచ్చేది 0.75. రెంటి నిష్పత్తీ 1.21 నుంచి 1.43 దాకా. మా 1.3 ఆ మధ్యనే ఉంది. ఖాళీ తగ్గడం ఇందులో పెద్ద భాగం. రోలరు కింద మూలలు విరిగి ఆ తునకలు సందుల్లోకి పోవడం మరికొంత. అడుగు వరస రాళ్ళు మొరంలోకి దిగబడటం ఇంకొంత. మొరం లేకుండా నేరుగా నల్లరేగడి మీద పోస్తే ఈ మూడోదానికి అంతుండదు. తడిసిన రేగడి రాయిని మింగుతుంది, తనే సందుల్లోంచి పైకి తేలుతుంది. ఏటేటా కంకర పోస్తున్నా ఏటేటా మాయమయ్యే బాటలు మన పల్లెల్లో ఉన్నాయి. ఆ రాయి ఎక్కడికీ పోలేదు, అక్కడే అడుగున ఉంది.

ఈ 1.3 రెట్ల లెక్క రోలరు తిప్పే పనికి. పెరట్లో నడకదారికో, నీళ్ళ ట్యాంకు చుట్టుపక్కలకో, కారు నిలిపే చోటుకో 20 ఎంఎం వదులుగా పరవడానికి అంత అదనం అక్కర్లేదు. కాళ్ళూ చక్రాలూ దిగగొట్టేది కొద్దిగానే. నేనైతే పదో వంతు కలుపుతాను. మందం మాత్రం అతి పెద్ద రాయికి రెండింతలకి తగ్గకూడదు. ఒక్క వరస రాళ్ళతో పొర నిలవదు, కింద నేల కనిపిస్తుంది. పైగా ఏ పొరకైనా అడుగునా పైనా సమతలం దగ్గర రాళ్ళు కుదురుగా సర్దుకోలేక ఖాళీ ఎక్కువ వదులుతాయి. పల్చటి పొరలో ఆ రెండు అంచులే మిగులుతాయి గనుక లెక్క మరీ తేడా కొడుతుంది. రాయి సైజుని బట్టి పెద్ద పాత్రలో కొలవాలని ప్రయోగశాలల్లో నియమం పెట్టుకున్నది కూడా ఇందుకే.

మన ఊళ్ళలో గుర్తుపెట్టుకోవడానికి వీలైన లెక్క ఒకటుంది. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. దాని మీద మూడంగుళాల పొర అంటే 109 ఘనపుటడుగులు. కాబట్టి సెంటుకి మూడంగుళాల మందాన వదులుగా పరవాలంటే యూనిట్ కంటే కొంచెం ఎక్కువ. తెలంగాణలో గుంట లెక్కన అయితే గుంటకి రెండున్నర సెంట్లు గనుక రెండు యూనిట్ల ముప్పాతిక. వంకరగా తిరిగే దారి అయినా భయపడక్కర్లేదు. వెడల్పు అంతటా ఒకటే అయితే దారి నడిమధ్యగా తాడు పరిచి ఆ పొడవుని వెడల్పుతో గుణిస్తే సరిగ్గా వైశాల్యం వస్తుంది. మలుపులో బయటి అంచు ఎంత ఎక్కువైతే లోపలి అంచు అంత తక్కువ.

జాగా కొలవడంలో జనం చాలా శ్రద్ధ పెడతారు, మందం దగ్గర పెట్టరు. నిజానికి టేపుతో 120 అడుగులు కొలిస్తే అడుగు తేడా రావడం అరుదు. వచ్చినా అది ఒక శాతం లోపే. మూడంగుళాల మందంలో అరంగుళం తేడా వస్తే మాత్రం 17 శాతం. నేల ఎక్కడా బల్లపరుపుగా ఉండదు గనుక అరంగుళం తేడా అందరికీ వస్తుంది. రెండు చివర్లా ఇటుకలు పెట్టి వాటి మీద నూలుతాడు బిగించి, అడ్డంగా మూడు చోట్లా నిలువునా నాలుగైదు చోట్లా తాడు నుంచి నేలకి లోతు కొలిచి సగటు తీస్తే అరగంట పని. కంకర లెక్కలో అంతకంటే ఫలితమిచ్చే అరగంట ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

ఇక తెచ్చిన సరుకు సరిపోయిందా లేదా అన్న తగువు. టిప్పరు తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి గుణించడం మామూలు. క్రషర్ దగ్గర అంచు దాకా నింపిన లోడు ఊరు చేరేసరికి రెండు మూడంగుళాలు దిగి ఉంటుంది. మా నాన్న కాలం నుంచీ దీనికి డ్రైవర్లే మాటపడుతున్నారు. దారిలో ఎక్కడో దింపేశారని. ఖాళీ 45 శాతం నుంచి 41 శాతానికి తగ్గిందనుకుందాం, గతుకుల రోడ్డు మీద ఆపాటి కుదుపు చాలు. నాలుగడుగుల ఎత్తు లోడు మూడంగుళాలకి పైగా దిగుతుంది. ఒక్క రాయి కూడా కింద పడదు. కుంచాన్ని కుదిపి పోస్తే వడ్లు ఎక్కువ పడతాయని మన ఇళ్ళలో ఆడవాళ్ళందరికీ తెలుసు. ఆ సంగతే ఇక్కడా. ఈ మాట డ్రైవర్ల తరఫున చెప్పాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

కుప్పగా పోసేశాక కొలవాలంటే ఇంకా చక్కటి దారి ఉంది. 1150లో రెండో భాస్కరుడు రాసిన లీలావతిలో ధాన్యపు రాశి కొలిచే అధ్యాయం ఉంది. రాశి చుట్టుకొలతలో ఆరో వంతు తీసి, దాన్ని దానితోనే గుణించి, ఎత్తుతో గుణించమంటాడు. చుట్టుకొలత, వ్యాసం నిష్పత్తి మూడు అనుకుంటే శంకువు ఘనపరిమాణం సరిగ్గా ఇదే. అసలు నిష్పత్తి మూడు కంటే కొంచెం ఎక్కువ గనుక జవాబు ఐదు శాతం దాకా ఎక్కువ వస్తుంది. కళ్ళం మీద దానికి ఫర్వాలేదు. రాశి గోడకి ఆనించి ఉంటే సగమే కనిపిస్తుంది కాబట్టి కొలతని రెట్టింపు చేసి చివర్లో రెండుతో భాగించాలని, గది లోపలి మూలలో ఉంటే నాలుగుతో అలా చేయాలని, గోడ బయటి మూలకి ఆని ఉంటే మూడింట నాలుగు వంతులతో చేయాలని కూడా చెప్పాడు. ఇవన్నీ కళ్ళంలో నిలబడి చూసినవాడి మాటలు.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది అతను ఎత్తు గురించి చెప్పింది. ముతక గింజల రాశికి ఎత్తు చుట్టుకొలతలో పదో వంతట. సన్న గింజలకి పదకొండో వంతు, ముల్లున్న ధాన్యానికి తొమ్మిదో వంతు. ఎత్తు కొలవనక్కర్లేదు, చుట్టూ ఒక తాడు వేస్తే చాలు. ఈ వంతుల్ని కోణాల్లోకి మార్చి చూశాను. పదకొండో వంతుకి 30 డిగ్రీలు, పదో వంతుకి 32, తొమ్మిదో వంతుకి 35. ఏ గింజ ఏ వాలు దాకా జారకుండా నిలబడుతుందో, దాన్ని ఈనాటి ఇంజనీర్లు నిలకడ కోణం అంటారు. భాస్కరుడు కోణం అన్న మాట లేకుండానే దాన్ని మూడు భిన్నాల్లో పెట్టాడు. నున్నటి గింజకి వాలు తక్కువ, గరుకు గింజకి ఎక్కువ.

మరి కంకరకి? రోలరు పని ముగిశాక, మిగతా 28 అడుగులకి తెప్పించిన కంకర ఒక కుప్పగా పోశారు. దాని చుట్టూ తాడు వేసి చూశాను. వాలు 38 డిగ్రీల దగ్గర ఉంది, అంటే ఎత్తు చుట్టుకొలతలో ఎనిమిదో వంతు. ముల్లున్న ధాన్యం తర్వాతి మెట్టు అది. ఆ లెక్కన ఒక యూనిట్ కంకర గుండ్రంగా కుప్ప పోస్తే చుట్టూ 31 అడుగులు, ఎత్తు నాలుగడుగులకి ఒక అంగుళం తక్కువ ఉండాలి. 36 అడుగుల చుట్టుకొలత, నాలుగున్నర అడుగుల ఎత్తు ఉన్న కుప్పలో భాస్కరుడి లెక్కన 162 ఘనపుటడుగులు, నేటి లెక్కన 155. టిప్పరు వెనక్కి ఎత్తి పోసిన కుప్ప కోలగా ఉంటుంది గనుక ఒకసారి పారతో గుండ్రంగా సర్దించుకోవాలి.

ఇన్ని తిప్పలు లేకుండా కాటా మీద టన్నుల్లో కొంటే పోదా అంటే, చాలా వరకు పోతుంది. బరువుకి ఖాళీతో పని లేదు. వదులు కంకర ఘనపు మీటరు టన్నున్నర అటూఇటూ ఉంటుంది, యూనిట్ అంటే నాలుగు టన్నుల పైచిలుకు. అయితే అన్ని రాళ్ళూ ఒక బరువు కావు. గోదావరి జిల్లాల్లో గౌరీపట్నం, పంగిడి వైపు కొండల్లో దొరికేది బసాల్టు. ఆదిలాబాద్, వికారాబాద్ వైపు ఉన్నదీ అదే జాతి, దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట లావా గడ్డకట్టి ఏర్పడింది. లీటరుకి 2.9 కిలోల దాకా తూగుతుంది. గ్రానైట్ లెక్కతో టన్నులు చెప్పి బసాల్టు తెప్పించుకుంటే వందకి ఎనిమిదో తొమ్మిదో వంతుల జాగా తక్కువ పడుతుంది. క్రషర్‌లో వచ్చే రాతిపొడి, అంటే డస్టు అయితే తడి కూడా చూసుకోవాలి. ఐదు శాతం తడి ఉంటే టన్నులో 50 కిలోలు నీళ్ళే. పైగా తడి డస్టు, తడి ఇసక ఉబ్బుతాయి. రేణువుల చుట్టూ పట్టిన నీటి పొర వాటిని ఒకదానికొకటి దూరంగా నిలబెడుతుంది. ఇసక ఇలా నాలుగో వంతు దాకా ఉబ్బగలదు. అదే ఇసకలో నీళ్ళు నిండుగా పోస్తే ఆ పొర పట్టు పోయి మళ్ళీ కూలిపోతుంది.

కంకర మీద డస్టు చల్లించేటప్పుడు నాన్న ఒక మాట అడిగారు. ఐదు యూనిట్ల కంకర మీద యూనిట్ డస్టు వేస్తే బాట మందం ఎందుకు పెరగలేదని. సోలెడు శనగల్లో సోలెడు ఆవాలు కలిపితే రెండు సోలలు అవుతాయా అని అమ్మ లోపల్నుంచే జవాబిచ్చింది. ఆవాలు శనగల సందుల్లోకి పోతాయి. కాంక్రీటు తయారుచేసేవాళ్ళు పెద్ద కంకర, చిన్న కంకర, ఇసక ఎంతెంత కలిపితే ఖాళీ అతి తక్కువవుతుందో వెతుకుతూ వచ్చింది ఈ సూత్రంతోనే. 1907లో అమెరికాలో ఫుల్లర్, థాంప్సన్ అనే ఇంజనీర్లు అందుకు గీసిన వక్రరేఖని ఇప్పటికీ పాఠాల్లో చెబుతారు.

చివరికి మా 120 అడుగులకీ పట్టిన కంకర 520 ఘనపుటడుగులు, అంటే మేస్త్రి చెప్పిన ఐదు పైనే. ఘనపు మీటర్లలో 14.7. అందులో 55 శాతమే రాయి గనుక ఖాళీ అంతా తీసేస్తే గట్టి రాయి 8.1 ఘనపు మీటర్లు. ఎనిమిదికి ఘనమూలం రెండు. ఆ సాయంత్రం మా పాప ముగ్గుపిండితో వాకిట్లో రెండు మీటర్ల చతురస్రం గీసింది. ఆ చదరంలో నిలబెడితే మా గుమ్మం పైకమ్మీ ఎత్తుకి వచ్చే ఒకే ఒక బండరాయి. క్రషర్ వెనక కొండలోంచి వచ్చి మా బాట కింద పరుచుకున్నది అంతే.